తుహినకు తగిన కళ్ళెం

విభవ నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ఏకాదశి, గురువారం. సూర్యోదయమై ఎంతోసేపు కాలేదు. శరభగిరి రాజధానిలో, అశ్వశాలకు ఎదురుగా ఉన్న పాలరాతి ప్రాంగణంలో కళ్ళెపుకొలువు తీరింది. ఆ కొలువులో ఉన్నవారు వీరు: సింహాసనం మీద మహారాజు ధవళవర్మ, ఆయన కుడివైపున ప్రధానామాత్యుడు సుమేధుడు, మెట్ల కింద అశ్వాధ్యక్షుడు గుండన సాహిణి, కళ్ళేలు చేసే రాచకమ్మరి పేరయ్య, అతని వెనుక తోలుపనివారు, వారందరి నడుమ, మగరౌతు దుస్తులలో, రాకుమారి ఉత్పలిని. ఆమె పక్కన నిలిచిన ఆడగుర్రం పేరు తుహిన. కొలువులో నిలిచిన గుర్రం పేరు కూడా ప్రకటించడం ఆ రాజ్యపు ఆనవాయితీ గనుక వందిమాగధులు ఆ పేరునూ రాగం తీసి చదివారు. తుహిన చెవి ఒకటి అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పుకుంది.

మహారాజు కొలువులో కూర్చున్నాడు గాని ఒక్క మాటా ఆడలేదు. ఆడలేడు. శరత్కాలంలో కంఠహరుడనే మాంత్రికుడు వైణికుడి వేషంలో సభకు వచ్చాడు. అతడు వాయించిన రాగానికి దీపశిఖలు సైతం కదలడం మాని నిలిచిపోయాయట. పరవశించిన రాజు "భేష్" అన్నాడు. ఆ మాట పెదవి దాటిన క్షణాన, దాని వెంటే ఆయన కంఠస్వరమంతా వెండిదారంలా సాగి వీణతంత్రికి చుట్టుకుంది. మాంత్రికుడు వీణను చంకన పెట్టుకుని గవాక్షం గుండా పొగలా వెళ్ళిపోయాడు. మౌనసరస్సు నడుమ ఉన్న తన దీవిలో ఆ స్వరాన్ని ఒక శంఖంలో పోసి మూత పెట్టాడని వేగులవారు కనుక్కుని వచ్చారు.

శరభగిరి రాజు ప్రతి మార్గశిర పౌర్ణమినాడూ కోటబురుజు మీద నిలిచి, ప్రజలను బిడ్డల్లా కాపాడతానని సొంత గొంతుతో ప్రమాణం చేయాలి. చేయలేని రాజు కిరీటం దించి, ఒంటరిగా సరిహద్దు దాటిపోవాలి. బతికి ఉన్నంతకాలం అతని ముఖం అతనివారెవరూ చూడకూడదు. పౌర్ణమి దగ్గరపడింది. తల్లిలేని ఉత్పలినికి ఆ తండ్రి ఒక్కడే దిక్కు. ఆయన దేశాంతరం పోకుండా ఆపగలిగినది ఆ శంఖంలోని గొంతు ఒక్కటే.

మౌనసరస్సును దాటడానికి పడవ పనికిరాదు. ఏడాది పొడవునా వీడని పొగమంచు దాని మీద పాలమీగడలా పరచుకుని ఉంటుంది. ఆ మంచు కింద నీళ్ళు, నీళ్ళ కింద ఊబి, ఊబి నడుమ గట్టినేల ఒక సన్నని తీగలా మెలికలు తిరుగుతూ పోతుంది. నీటిలో అక్కడక్కడ నల్లరాతి కొంగలు ఒంటికాలి మీద నిద్రపోతుంటాయి. ఏ చిన్న చప్పుడైనా వాటి నిద్ర చెడుతుంది. లేచిన కొంగ ముక్కు కవచాన్ని ఆకులా చీలుస్తుంది. ఆ దారి తెలిసినవి హిమవన్నదీ తీరంలో పుట్టిన తెల్లగుర్రాలు మాత్రమే. అవి మూతి వంచి, పెదవుల చుట్టూ ఉన్న సన్నని వెండ్రుకలతో నీటిని తాకి, అడుగున నేల ఉందో ఊబి ఉందో చెప్పగలవు. ఆ జాతిలో ఇప్పుడు మిగిలింది తుహిన ఒక్కతే. అయితే మూతి నీటికి ఆనించిన గుర్రానికి దీవి కనిపించదు. దీవి శిఖరాన ఎగిరే ఎర్రపతాక మంచుకు పైన, రౌతు కంటికే ఆనుతుంది. నేలను కనుక్కోవడం గుర్రం పని, దిక్కు చూపడం రౌతు పని. ఆ దిక్కును గుర్రానికి చెప్పవలసింది కళ్ళెం.

శరభగిరివారికి కళ్ళెం విషయంలో మరే రాజ్యంలోనూ లేని ఆచారం ఒకటుంది. గుర్రం నోట పెట్టదలచిన కడ్డీని ముందుగా రౌతు తన నోట పెట్టుకుని కూర్చోవాలి. నీటిగడియారంలోని రాగిగిన్నె మునిగేదాకా దాన్ని తీయకూడదు. రాజైనా, బంటైనా ఆ నియమం తప్పడానికి వీల్లేదు. అందుకే ఆ రాజ్యపు రౌతులు ముసలితనంలో కూడా ఇనుము రుచి చూసి అది ఏ గనిదో చెబుతారని ప్రతీతి.

మొదట గుండన సాహిణి తుహిన పెదవి ఎత్తి నోరు చూపించాడు. ఎండలో ఆ నోరు తామరమొగ్గ లోపలి రంగులో మెరిసింది.

"చూడండమ్మా," అన్నాడు సాహిణి. "ముందుపళ్ళకీ వెనకపళ్ళకీ నడుమ పళ్ళు లేని జాగా ఉంటుంది. కడ్డీ కూర్చునేది అక్కడే. మిగతా గుర్రాలకి అక్కడ చిగురు మెత్తలా ఉంటుంది. దీనికి ఎముక మీద ఉల్లిపొర కప్పినట్టుంది. పైగా నాలుక లావు, అంగిలి కిందికి. ఇంక ఇనుముకి చోటెక్కడిది?"

రాచకమ్మరి పేరయ్య మీసం దువ్వుకున్నాడు. "సాహిణిగారూ, మీకు కావలసింది కళ్ళెమా, ఉగ్గుగిన్నా?"

"నీ నోట్లో కళ్ళెం పెట్టి సంతకి తోలుకుపోతాను. తిరిగొచ్చాక నువ్వే చెబుదువుగాని, ఏది కావాలో."

కొలువులో నవ్వులు పొంగాయి. మూగరాజు పెదవుల మీద కూడా చిరునవ్వు కనిపించింది.

పేరయ్య ముందుగా తెచ్చినది ఆయుధాగారంలో తరతరాలుగా పూజలందుకుంటున్న సమరకళ్ళెం. మెలితిప్పిన ఉక్కుకడ్డీ, రెండు కొసల పొడవైన కాళ్ళు, గవద కింద బిగిసే గొలుసు. దాంతో ఏనుగునైనా నిలువరించవచ్చునని అతని వంశం నమ్మకం. ఉత్పలిని దాన్ని పళ్ళ మధ్య పెట్టుకుంది. సాహిణి చిటికెన వేలితో పగ్గాన్ని తాకాడు, అంతే. కడ్డీ నాలుక మీద రంపంలా తిరిగి, గొలుసు గవదను పిండింది. గిన్నె మునిగేసరికి రాకుమారి కళ్ళ నుంచి నీళ్ళు ధారకట్టాయి. ఆమె కడ్డీ తీసి పేరయ్య చేతిలో పెట్టింది. పేరయ్య దాన్ని గుడ్డలో చుట్టేశాడు. పైగా ఆ గొలుసు కదిలినప్పుడల్లా గలగలమంది. రాతికొంగల మీదుగా పోవలసినవారికి అది చాలు, మరో శత్రువు అక్కర్లేదు.

రెండవది వెండికడ్డీ. బొటనవేలంత లావు, పైన పట్టుగుడ్డ చుట్టి తేనెలో నానబెట్టినది. అంత మెత్తనిది మరి ఉండదని సభికులంతా తలలూపారు. అమాత్యుడు సుమేధుడు లావైన కడ్డీ ఒత్తిడిని నోరంతా పంచుతుందనీ, సన్ననిది ఒకేచోట కోస్తుందనీ శాస్త్రవాక్యం చదివి అర్థం చెప్పాడు. ఉత్పలిని నోట పెట్టుకుని కూర్చుంది. తేనె తియ్యగా ఉంది. కాసేపటికి నోరు మూతపడలేదు, ఉమ్మి మింగుడుపడలేదు. నాలుక కదలడానికి చోటులేక వెనక్కి ముడుచుకుని గొంతుకు అడ్డంపడింది. లావైన దాన్ని భరించడానికి నోట్లో ఖాళీ ఉండాలి గదా. తుహిన మాత్రం తేనె ఉన్నంతసేపు ఆశగా చప్పరించింది. పేరయ్య విజయగర్వంతో అటూ ఇటూ చూశాడు. తేనె అయిపోగానే తుహిన నోరు తెరిచి, తల ఆకాశానికెత్తి, నాలుకను కడ్డీ పైనుంచి లాక్కోవడానికి పెనుగులాడింది.

మూడవదాన్ని సాహిణి స్వయంగా చెప్పి చేయించాడు. ఇనుములో రాగి కలిపిన సన్నని కడ్డీ. నడుమ చిన్న పలక, దానికి అటూ ఇటూ కీళ్ళు. నాలుక మీద వంపు తిరిగి ఒదిగిపోతుంది. అరచేతుల మధ్య వెచ్చచేసి ఇచ్చాడు. అది రాకుమారి నోట్లో దాదాపు మాయమైపోయింది. తుహిన కూడా ఒప్పుకుంది. దవడ వదులు చేసి, మెల్లగా నములుతూ, పగ్గం ఎటు సోకితే అటు పాదరసంలా తిరిగింది. సభ హర్షధ్వానాలు చేసింది. అప్పుడు ప్రాంగణం మధ్యనున్న కొలనులో, నీటి అడుగున రాళ్ళు పేర్చి, దారి వెతకమని దాన్ని దింపారు. తుహిన మూతి వంచింది. కడ్డీ నమిలినందువల్ల ఊరిన నురగ పెదవుల మీది వెండ్రుకలను అతికించేసింది. పెదవి నీటిని తాకిందేగాని ఏమీ గ్రహించలేదు. తెల్లని ముందుకాలు రాయి తప్పి నడుములోతు నీళ్ళలో పడింది.

ఇక నోట ఏ కడ్డీ పెట్టినా పనికిరాదని తేలిపోయింది. నోరు ఖాళీగా ఉంచి, ముక్కు మీద పట్టెతోనే గుర్రాన్ని నడపాలి. శరభగిరిలో అటువంటి కళ్ళెం ఎవరూ చేసి ఎరుగరు.

అప్పుడు జనం తొలగి దారి ఇచ్చారు. నీలి తలపాగా, మోకాళ్ళదాకా జారే గోధుమరంగు అంగీ, కంఠానికి గట్టిగా చుట్టుకున్న పట్టుగుడ్డ. పడమటిదీవుల వర్తకుడొకడు ముందుకు వచ్చి నమస్కరించాడు. సముద్రగాలికి గొంతు బొంగురుపోయిందని చెప్పుకుని, పెదవులు కదిలీ కదలనట్టు గుసగుసగా మాట్లాడాడు. అతడు పెట్టె తెరిచి తీసిన వస్తువును చూసి సభ ఊపిరి బిగబట్టింది. తెల్లవారుజామున సాలెగూటి మీద నిలిచిన మంచుబొట్ల వరుసలా ఉన్నదది. ముక్కు మీద వాలే పట్టె హంస మెడ కింది ఈకలంత మెత్తన. దాని నుంచి చెంపలకూ, చెంపల నుంచి గవద కిందికీ అల్లుకున్న వార్లలో వెండిదారమొకటి వెన్నెల చారలా పోతున్నది. ఇనుము లేదు, గొలుసు లేదు, కట్టుకొక్కెం సైతం లేదు. కదిపితే శబ్దమన్నది రాదు.

ధవళవర్మ మహారాజు సింహాసనం మీద నుంచి సగం లేచాడు. ఒక చెయ్యి కళ్ళెం వైపు చాచి, రెండవ చేత్తో కంఠం పట్టుకుని, పెదవులు విపరీతంగా కదిలించాడు. మహారాజుగారు ఆనందంతో ఆమోదిస్తున్నారని సుమేధుడు సభకు విన్నవించాడు.

మరి పరీక్ష మాటేమిటని ఎవరో అడిగారు. రాగిగిన్నె పట్టుకున్న సేవకుడు నీళ్ళ దగ్గర సిద్ధంగా నిలబడ్డాడు. గుండన సాహిణి పొద్దుటి నుంచి ఇనుముతో విసిగి ఉన్నాడు. ఆ మెత్తని పట్టెను చేత్తో నిమిరి పొంగిపోయాడు.

"పరీక్ష నోట్లో పెట్టేదానికి కదయ్యా. ఇందులో నోట్లో పెట్టడానికేముంది? గిన్నె బోర్లించు."

గిన్నె బోర్లించారు. తరతరాలుగా ఏ కళ్ళెమూ ఆ పరీక్ష దాటకుండా గుర్రాన్ని చేరని రాజ్యంలో, ఆ ఒక్కటీ రౌతు ముఖానికి తగలకుండానే తుహిన ముఖానికెక్కింది. వర్తకుడు బహుమానం పుచ్చుకోకుండా వెళ్ళిపోయాడు. అతని వెనుక కాస్త పొగ తేలినట్టు ద్వారపాలకులకు అనిపించింది గాని, అది వంటశాల పొగ అనుకున్నారు.

తూర్యాలు మ్రోగాయి. ఉత్పలిని తండ్రి పాదాలకు మొక్కి, తుహిననెక్కి, ఉత్తరద్వారం దాటింది. గంధపుచెట్ల నీడలు పట్టుచీరల్లా దారికి అడ్డంగా పరచిన వనం గుండా, ప్రతి రాతిలోనూ ఒక పాత ఇంద్రధనుస్సు గడ్డకట్టి ఉన్న స్ఫటికగిరి అంచు మీదుగా, పగలే కలువలు పూసే లోయలోకి ఆ తెల్లగుర్రం గాలిలో తేలినట్టు పోయింది. స్ఫటికగిరి కనుమలో దారికాచిన గండభేరుండపు పిల్లలు మూడు మీదపడబోతే, తుహిన వాటి రెక్కల నడుమనుంచే దూకి దాటింది. పగ్గం అంత తేలికగా ఉంది. ఉత్పలిని దాన్ని గట్టిగా పట్టుకోవలసిన అవసరమే కలగలేదు. అపరాహ్ణపు వెలుగు పలచబడకముందే ఎదుట మంచు కనబడింది. ఆకాశం తెల్లని రేకై నేలకు జారినట్టు, దిక్కులన్నీ ఒకే దిక్కైనట్టు, మౌనసరస్సు అక్కడ నిద్రపోతున్నది.

ఒడ్డున ఆమె తుహిన డెక్కలకు పొడిగడ్డి చుట్టి కట్టింది. తుహిన మూతి వంచి నీటిని తాకింది. పెదవుల చుట్టూ చిన్న చిన్న వలయాలు పుట్టి మంచులో కరిగాయి. ఒక కాలు మోపింది. తరువాత ఇంకొకటి. నీళ్ళు మోకాళ్ళు దాటలేదు. ఉత్పలిని రికాబులలో నిలబడి చూసింది. మంచుకు పైన, ఎంతో దూరాన, ఎర్రపతాక ఒక కుంకుమబొట్టులా ఉంది.

అలా ఎంత దూరం పోయారో తెలియదు. ఆ మంచులో కాలం నడవదు. పక్కనే నల్లని స్తంభాల్లా రాతికొంగలు కనబడుతూ, కనుమరుగవుతూ ఉన్నాయి. వాటి కనురెప్పల మీద నాచు మొలిచింది. ఒక కొంగ వీపు మీద తెల్లని పూలమొక్క పూసి ఉంది. తుహిన శ్వాస, నీటి శ్వాస ఒకటే లయలో సాగాయి. గట్టినేల ఎటు మళ్ళితే తుహిన అటు మళ్ళింది. రెండు దారులు చీలినచోట ఉత్పలిని వేలితో పగ్గాన్ని తాకి పతాకవైపు చూపింది.

"పిచ్చికా."

ఉత్పలిని ఉలిక్కిపడింది. అది ఆమె తండ్రి గొంతు. ప్రపంచంలో ఆమెను ఆ పేరుతో పిలిచేది ఆయన ఒక్కడే. పసితనంలో జ్వరంతో నోరు తెరవలేని ఆమెకు వేలికొనతో గింజగింజగా మెతుకులు తినిపిస్తూ ఆయన పెట్టిన పేరది. శరత్కాలం తరువాత ఆమె ఆ పిలుపు వినడం ఇదే మొదలు.

"పిచ్చికా, ఇటు రామ్మా."

పిలుపు ఎడమనుంచి వచ్చింది. ఆమె చెయ్యి తనంత తానే ఎడమ పగ్గం లాగింది. తుహిన కదలలేదు. ఎడమవైపు ఊబి. ఆమె పగ్గం వదిలేసింది. వదిలినా ముక్కుపట్టె మాత్రం వదలలేదు. లాగినప్పుడు బిగిసింది, లాగడం మానినా బిగిసే ఉంది, ఇంకా బిగుస్తున్నది. హంస ఈకల పట్టె కిందికి జారి, ముక్కు ఎముక దాటి, మెత్తని ముట్టె మీద ఉడుంపట్టులా చుట్టుకుంది. తుహిన ముక్కుపుటాలు మూసుకుపోయాయి. చెంపవారులోని వెండిదారం, మాట్లాడే మనిషి కుత్తుకలా పైకీ కిందికీ ఆడింది.

"పిచ్చికా," అన్నది ఆ వారు, మరింత బిగ్గరగా.

ఎడమనా కుడినా నాచు చిట్లిన చప్పుడు. కొంగలు కళ్ళు తెరిచాయి. నల్లరాతి లోపల నిప్పుకణికల్లాంటి కళ్ళు. పూలమొక్క మోస్తున్న కొంగ రెండవకాలు కూడా దించి, రెక్కలు విదిలించింది. పూలరేకులు మంచులోకి చెదిరాయి. మరుక్షణం ఆకాశమంతా బండలు దొర్లుతున్న మోత. మొదటి ముక్కు ఉత్పలిని భుజం పక్కనుంచి దూసుకుపోయి జీను అంచును తెంచింది. రెండవది ఆమె తలపాగాను ఎత్తుకుపోయింది. తుహిన ఊపిరాడక వెనక్కాళ్ళ మీద లేచింది. దాని కింద నేల వెడల్పు ఒక అడుగుకు మించి లేదు.

ఉత్పలిని మొలలోని చురకత్తి దూసి చెంపవారు మీద పెట్టింది. పదును సోకగానే పిలుపు చిన్నబోయింది. "పిచ్చికా" అని నొప్పితో, చాలా మెల్లగా వచ్చింది. కంఠహరుడు ఆమె తండ్రి స్వరం నుంచి ఈ ఒక్క మాటను తుంచి ఆ దారంలో పేనాడు. దారం తెగితే ఆ మాట ఉండదు. శంఖం దొరికినా, అందులో మిగిలిన గొంతంతా రాజు కంఠానికి చేరినా, ఈ ఒక్క పిలుపు ఇక ఆయన నోట రాదు.

తుహిన మోకాళ్ళు వణికాయి.

ఆమె కోసింది. ఒక చెంపవారు, తరువాత రెండవది. కళ్ళెం ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని గిరగిర తిప్పి, ఉన్న బలమంతా పెట్టి, దూరంగా విసిరింది. తెల్లని కళ్ళెం మంచులో తోకచుక్కలా పోతూ "పిచ్చికా, పిచ్చికా" అని పిలిచింది. కొంగలన్నీ ఒక్కసారిగా ఆ పిలుపు మీదికి తిరిగాయి. రాతిరెక్కలు రాతిరెక్కలను ఢీకొన్నాయి. పిలుపు నీటిలో పడింది, మునిగింది. దాని వెంట కొంగలు ఒకదాని మీద ఒకటిగా ముక్కులు దించి దూకాయి, ఊబిలో దిగబడ్డాయి. నీటి మీద బుడగలు చాలాసేపు లేచి, తరువాత లేవడం మానాయి. మంచు మూసుకుంది. మిగిలిన చప్పుడల్లా తుహిన ఆయాసం.

ఉత్పలినికి ఎలుగెత్తి ఏడవడానికి కూడా వీలులేదు. నిద్రపోతున్న కొంగలు ముందు ఇంకా ఉన్నాయి. ఆమె గుర్రం మెడ మీదికి వాలి దాని ఊపిరి నెమ్మదించేదాకా నుదుటి మీద చెయ్యి వేసి ఉంచింది.

ఇప్పుడు కళ్ళెం లేదు. తుహిన తనంత తానుగా నడిస్తే గట్టినేల వెంట ఇంటివైపే నడుస్తుంది. ఉత్పలిని నడుముకు చుట్టుకున్న నూలు నడికట్టు విప్పింది. వేసే ముందు ఆగి, ఆ ఉదయం కొలువులో ఎవరూ చేయని పని చేసింది. నడికట్టును తన ముఖం మీదే చుట్టుకుంది. ముక్కు కొనన, మెత్తని చోట పెట్టి లాగింది; ఊపిరి ఆగిపోయింది. పైకి జరిపి, ఎముక మీద పెట్టి లాగింది. ఒత్తిడి తెలిసింది, ఊపిరి ఆడింది. ముడి వేసి లాగి వదిలింది; ముడి బిగిసిపోయింది. ఆ ముడి విప్పేసింది. ముడి లేకుండా, గుడ్డ రెండు కొసలూ గవద కింద ఒకదాని మీదుగా ఒకటి దాటించి, చెరోవైపు చేతిలోకి తెచ్చుకుంది. లాగితే తెలిసింది, వదిలితే వెంటనే వదులైంది. మరొకసారి లాగి, మరొకసారి వదిలి చూసుకుంది.

ఆ తరువాతే దాన్ని తుహిన ముఖానికి వేసింది. వేళ్ళు దూరేంత సందు ఉంచి, ముక్కు ఎముక ముగిసే చోటికి బాగా పైన. కుడికొసను ఊరకే బరువు తెలిసేంతగా తాకింది. తుహిన చెవి వెనక్కి తిరిగింది. ఒక క్షణం ఆలోచించింది. కుడివైపుకు తల తిప్పింది. ఉత్పలిని వెంటనే వేళ్ళు వదులు చేసింది. తుహిన దీర్ఘంగా నిశ్వసించి, నోరు చప్పరించి, పెదవులు నీటికి ఆనించింది.

మిగిలిన దారి కలలో నడిచినట్టు గడిచింది. ఎర్రపతాక కుంకుమబొట్టు నుంచి మందారమంతైంది, మందారం నుంచి గొడుగంతైంది. నీళ్ళు డెక్కలదాకా తగ్గాయి. ఇసుక తగిలింది.

దీవి చుట్టూ ముత్యపుచిప్పలు పేర్చి కట్టిన గోడ. గోడలో ఒకే ఒక ద్వారం. దాని అరుగు మీద ఒక లావాటి ముసలమ్మ కాళ్ళు చాపుకుని వక్కలు కత్తిరిస్తున్నది. తలెత్తి పలకరించింది, పసిపిల్లవాడి గొంతు వచ్చింది.

"ఎవరే అమ్మాయ్, ఇంత మంచులో?" తానే ముఖం చిట్లించి, దగ్గి, గొంతు మార్చింది. ఈసారి గంభీరమైన పురుషస్వరం. "ఇది పోయినేడు వచ్చిన రత్నాలవర్తకుడిది. కాస్త మర్యాదగా ఉంటుంది. ఏ పనిమీద వచ్చావు?"

ఉత్పలిని గుర్రం దిగి తన పేరూ, తండ్రి పేరూ, వచ్చిన పనీ దాచకుండా చెప్పింది. ముసలమ్మ వింటూనే తుహినను పైనుంచి కిందిదాకా చూసింది.

"నడికట్టు తీసి గుర్రానికి కట్టావేం?"

"దాని నోరు సున్నితం అవ్వా."

"నీదో?"

"నాదాంతో పనేముంది? నాన్నగారి గొంతు కోసం వచ్చాను."

"పనుంది." ముసలమ్మ ఒళ్ళోని ఆకులూ వక్కలూ పక్కకు నెట్టి, అరుగు కిందినుంచి ఒక కాగితమూ, కలమూ తీసింది. లోపలికి పోయేవారు తమ గొంతును ద్వారం దగ్గర కుదువపెట్టాలి. అది ఈ దీవి కట్టుబాటు. ఉత్పలిని కాగితం తీసుకుని అక్షరం అక్షరం చదివింది. ముత్యాల్లాంటి దస్తూరి. చివరి వాక్యం దగ్గర ఆమె చూపు ఆగింది. తిరిగి బయటికి పోయేటప్పుడు ఈ ద్వారం గుండా ఒక్క గొంతు మాత్రమే పోగలదు.

"ఒక్కటేనా అవ్వా? నేను నాన్నగారిది తీసుకుపోతే?"

"నీది నా దగ్గరుంటుంది. ఆడపిల్ల గొంతు ఒకటి ఉంటే బాగుండునని నాకూ ఉంది, ఎప్పుడూ ఈ రత్నాల సెట్టితోనే ఎంతకని మాట్లాడను?" ముసలమ్మ కనికరంగానే చూసింది. "వెనక్కి పోతే ఏ బాధా లేదు. గుర్రానికి దారి తెలుసుగా."

ఉత్పలిని తుహిన దగ్గరికి వెళ్ళి, దాని చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ముసలమ్మకు వినబడలేదు. తుహిన మూతి రాకుమారి మెడకు ఆనించి, ఆ మాట వచ్చిన చోటును పెదవులతో తడిమింది. ఆమె తిరిగి వచ్చి కలం అందుకుంది.

"రెండు కొసలూ వదులుగానే పట్టుకుంటాను," అన్నది, గుర్రం వైపు చూస్తూ. "మాట లేకపోయినా అది వస్తుంది."

సంతకం చేసింది. చివరి అక్షరానికి గుడి ఇస్తుండగా ఆమె కంఠంలోనుంచి వెండిదారంలాంటిది ఒకటి సాగి, కాగితం మీది సిరాలో ఇంకిపోయింది. ముసలమ్మ తడి ఆరేదాకా మెల్లగా ఊది, కాగితాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, వక్కపలుకుల మధ్య, నడుముసంచిలో దాచుకుని, ముడి బిగించింది.